బల్ల మీద ఆగిపోయిన మిగ్ 21

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకటే బాధ గురించి. బొమ్మ విమానాలు, వంతెనల్లాంటి మోడల్స్ చెయ్యడమంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఉన్నట్టుండి ఆ బల్ల దగ్గరికే వెళ్ళలేకపోతున్నారు. నేను కూడా నాలుగేళ్ళు పడ్డా ఈ బాధ, అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. మొదటి ఉత్తరం పెద్దదే, కానీ కత్తిరించడానికి మనసొప్పలేదు.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది గాజువాక, వయసు 46, ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ. ఇరవై ఏళ్ళుగా ముక్కలు అతికించి మోడల్ చేసే ప్లాస్టిక్ కిట్లు చేస్తున్నా, ఎక్కువగా విమానాలే. మా నాన్నగారు ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్, సర్వీసులో సగం పైన మిగ్ 21 యుద్ధ విమానాల మీదే గడిచింది, 2023లో పోయారు. ఆయన జ్ఞాపకంగా 1/48లో, అంటే అసలు దానికి 48వ వంతు సైజులో, మిగ్ 21 బిస్ అనే రకం మొదలుపెట్టా. కాక్‌పిట్ చాలా బాగా వచ్చింది, ఆ నీలం కలిసిన పచ్చ రంగు కుదరడానికే నాలుగు రాత్రులు పట్టింది, తర్వాత బాడీ అతికించా, రెక్కలు అయిపోయాయి. మిగ్ 21లని 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో రిటైర్ చేస్తున్నారని తెలిసి ఆ రోజుకి ఎలాగైనా పూర్తి చేసి నాన్న ఫోటో పక్కన పెట్టాలని గట్టిగా అనుకున్నా. ఆగస్టులో ఒకరోజు నైట్ షిఫ్ట్ దిగొచ్చి నిద్ర ఆపుకుని కానోపీ, అంటే కాక్‌పిట్ మీది అద్దం మూత, అతికించడానికి కూర్చున్నా, చేతికి దొరికింది కదా అని ఇన్‌స్టంట్ గమ్ము వాడేశా, పడుకుని సాయంత్రం లేచి చూస్తే అద్దం లోపలంతా పొగ పట్టినట్టు తెల్లగా అయిపోయి ఉంది. అంత కష్టపడి చేసిన కాక్‌పిట్ ఇక కనపడదు. సెప్టెంబర్ 26న టీవీలో ఆ విమానాలు ఆఖరిసారి ఎగరడం చూశా, లేచెళ్ళి మోడల్ మీద గుడ్డ కప్పేశా, అప్పట్నుంచి ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. కొనడం మాత్రం మానలేదు అన్నా, ఇప్పుడు 31 కిట్లు సీల్ తియ్యకుండా ఉన్నాయి. మా ఆవిడ "అమ్మేయండి, అవి చూసినప్పుడల్లా మీ మొహం అదోలా అయిపోతోంది" అంటోంది. నాకు ఈ ఇష్టం పోయిందంటారా? అమ్మేయమంటారా?

జవాబు: తమ్ముడూ, అమ్మే మాట ఇప్పుడొద్దు. మీ ఉత్తరం మూడుసార్లు చదివా. ఇష్టం పోయినవాడు కాక్‌పిట్ రంగు నాలుగు రాత్రులు పట్టిందని రాయడు, అసలా సంగతే గుర్తుండదు. మీ పని కానోపీ దగ్గర ఆగిపోయింది, దాని మీద నాన్నగారి పేరు ఉంది, తారీఖు ఉంది, ఈ రెండు బరువులూ కలిసి ఆ చిన్న అద్దం ముక్క మీద పడ్డాయి. అది తియ్యాలంటే భయం, తియ్యకుండా ముందుకి పోలేరు, ఈ రెంటి మధ్యా ఇరుక్కుంటే ఎవరికైనా కాళ్ళు ఆ గదివైపు పడవు.

కాబట్టి ముందు అద్దం సంగతి చూద్దాం, ఎందుకంటే అది బాగయ్యే పనే. ఇన్‌స్టంట్ గమ్ము ఆరేటప్పుడు దాన్నుంచి ఆవిరి వస్తుంది, అది గాలిలో తేమతో కలిసి తెల్లటి పొడిలాగా పేరుకుంటుంది, కాక్‌పిట్ లాంటి మూసేసిన చోట బయటికి పోయే దారి లేక అద్దం లోపలి వైపే కూర్చుంటుంది. చాలాసార్లు అది పైపూతే, ప్లాస్టిక్ లోపలికి దిగదు. మోడల్‌ని ఒక కవర్లో పెట్టి అరగంట ఫ్రీజర్లో ఉంచండి, చలికి ఆ గమ్ము పెళుసుబారిపోతుంది, అప్పుడు సన్నటి బ్లేడు అంచు కానోపీ కిందకి కొంచెం కొంచెంగా దూర్చుతూ చుట్టూ తిరగండి, ఒక్కచోటే నొక్కి లేపొద్దు. ఊడి వచ్చాక లోపలివైపు పాలిషింగ్ కాంపౌండ్‌తో, అది లేకపోతే మామూలు తెల్ల టూత్‌పేస్ట్‌తో, మెత్తటి దూదితో గుండ్రంగా రుద్దండి. తర్వాత కడిగి ఆరబెట్టి, నీళ్ళలా పల్చటి, మెరుపునిచ్చే అక్రిలిక్ వార్నిష్‌లో ఒక్కసారి ముంచి తీసి, అంచుని టిష్యూకి ఆనించి మిగిలింది కారిపోనిచ్చి, దుమ్ము పడకుండా గిన్నె బోర్లించి రెండ్రోజులు ముట్టుకోకండి. గీతల్లోకి వార్నిష్ దిగి అద్దం మళ్ళీ అద్దంలా అవుతుంది. ఈసారి అతికించడానికి ఫెవికాల్ చాలు, ఆరితే కనపడదు, పొగ రాదు, తేడా వస్తే తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. ఇంకోమాట, బిస్‌లో ముందు అద్దం వేరు, వెనక కానోపీ వేరు, ఆ కానోపీ కుడి పక్కకి తెరుచుకుంటుంది. తెరిచి పెట్టేయండి. మీ నాలుగు రాత్రుల కాక్‌పిట్ అందరికీ కనపడుతుంది.

ఇవన్నీ చదివి ఈ రాత్రికే ఫ్రీజర్లో పెట్టేస్తారేమో, వద్దు. దానికంటే ముందు ఇంకో పని ఉంది, అది చెప్పాలంటే నా సంగతి చెప్పాలి.

చాలా ఏళ్ళ క్రితం 1/72లో హాకర్ హంటర్ అనే పాత యుద్ధ విమానం ఒకటి చేశా, ఆరు నెలల పని. రంగులయ్యాయి, డెకాల్స్, అంటే నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తులు, వెయ్యడానికి ముందు మెరుపు పూత కొట్టాలి, జులై నెల, బయట ముసురు, విజయవాడలో ఉక్కపోత ఎలా ఉంటుందో తెలుసు కదా, అయినా ఆగలేక ల్యాకర్ అనే త్వరగా ఆరే వార్నిష్ కొట్టేశా. పది నిమిషాల్లో విమానం మొత్తం బూజు పట్టినట్టు తెల్లబడిపోయింది. థిన్నర్ గబగబా ఆవిరైపోతుంటే పైన చల్లబడి గాలిలో తేమ అంతా ఆ పూతలోకి దిగిపోతుంది, దీన్ని బ్లషింగ్ అంటారు, నాకప్పుడు తెలీదు. నా చేతకానితనం అనుకున్నా. డబ్బాలో పెట్టి అటకెక్కించేశా, నాలుగేళ్ళు దించలేదు. ఆ నాలుగేళ్ళూ నేను కూడా మీలాగే కొంటూనే ఉన్నా. కొన్నప్పుడు ఆ సాయంత్రం ఒక్కటీ ఉత్సాహంగా ఉంటుంది, డబ్బా తెరిచి స్ప్రూలు (పార్టులు అంటుకుని ఉండే ప్లాస్టిక్ చట్రాలు) వెలుతురుకి ఎత్తి చూసుకుని మళ్ళీ మూసెయ్యడం, అదే హాబీ చేసినట్టు అనిపిస్తుంది కూడా.

మళ్ళీ ఎలా కూర్చున్నానంటే, ఒకసారి ఇంటికి చుట్టాలొస్తే బొమ్మలు చూపిద్దామని కొండపల్లి తీసుకెళ్ళా. ఒక ఇంటి అరుగు మీద పెద్దాయన కూర్చుని తెల్ల పొణికి చెక్క చెక్కుతున్నారు. ఒట్టి చేతులే. మోచెయ్యి వంచిన చిన్న చిన్న చేతులు, పక్కన గుట్టగా ఒక యాభై అరవై దాకా ఉన్నాయి, ఒక్కదానికీ బొమ్మ లేదు. ఇవి ఏ బొమ్మవండీ అనడిగితే తలెత్తకుండానే "ఇయ్యాళ చేతులండి" అన్నారు. అంతే. రేపు తలలో కాళ్ళో, ఆ తర్వాత అన్నిటినీ చింతగింజల పిండి, రంపప్పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు, మక్కుతోనే ఒంపులు దిద్దుతారు, సున్నం పూత వేస్తారు, రంగులు ఆఖర్న. మన పుట్టీ, మన ప్రైమరు, అవే వరసలో, ఎన్నో తరాల నుంచి. నేను చూస్తూ నిలబడిపోయా. ఆయన ముందు పూర్తయిన బొమ్మ ఏదీ లేదు, దాని గురించిన కంగారూ లేదు, చేతులు చెక్కడం ఒక్కటే ఉంది. నేనేమో అటక మీద డబ్బా గుర్తొచ్చినప్పుడల్లా మొత్తం విమానం, మొత్తం ఓటమి ఒకేసారి తలకెత్తుకునేవాణ్ణి.

ఇంటికొచ్చి హంటర్‌ని దించలేదు. ఒక చిన్న 1/72 కిట్ తీసి చక్రాలు మాత్రం కోశా. మూడు చక్రాలు, నిప్పర్ అనే చిన్న కటింగ్ ప్లేయర్‌తో కోసి, గరుకు కాగితం పెట్టి అంచు నున్నగా చేసి, ఒక ప్లేట్లో పెట్టి లేచిపోయా, ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. మర్నాడు టైర్లకి ముదురు బూడిద రంగు. అలా పదిహేను రోజులకి నాకు తెలీకుండానే గంటలు గంటలు కూర్చుంటున్నా, భోజనానికి పిలిస్తే వినపడటం లేదని ఇంట్లో గొడవ కూడా మొదలైంది. హంటర్‌ని సంక్రాంతి అయ్యాక ఒక పొడి మధ్యాహ్నం దించా. ల్యాకర్ థిన్నర్లో ఆరడం నెమ్మదించే రిటార్డర్ కొంచెం కలిపి చాలా పల్చగా మంచులాగా కొట్టానంతే, ఆ తెలుపు నా కళ్ళముందే కరిగిపోయి కింద రంగు బయటికొచ్చింది. అరగంట పని. అరగంట పనికి నాలుగేళ్ళు భయపడ్డానని తలుచుకుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది, మీకు ఇంత పెద్ద జవాబు రాస్తోంది అందుకే.

కాబట్టి మీరు ఆ 31లో అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే చవకది, నాన్నగారితో ఏ సంబంధం లేనిది ఒకటి తియ్యండి. ప్రొపెల్లర్ విమానం అయితే మంచిది, కాక్‌పిట్ చిన్నది, త్వరగా అవుతుంది. బల్ల మీద వేరే ఏమీ ఉంచకండి, మిగ్‌ని గుడ్డతో సహా తీసి బీరువాలో పెట్టండి, అది కనపడుతూ ఉంటే చెయ్యి ఆడదు. నైట్ షిఫ్ట్ దిగిన రోజు అస్సలు కూర్చోవద్దు, మొన్న జరిగిన పొరపాటులో సగం గమ్ముది, సగం నిద్రది. వీక్లీ ఆఫ్ ముందురోజు సాయంత్రం, ఒక ఇరవై నిమిషాలు, ఒకే ఒక్క పని అనుకుని కూర్చోండి. లేచేటప్పుడు రేపు చెయ్యాల్సిన పార్ట్‌ని స్ప్రూ మీదే మార్కర్‌తో గుర్తు పెట్టి, నిప్పర్ దాని పక్కనే పెట్టి లేవండి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలి అనే ఆలోచన లేకుండా చెయ్యి తనంతట తను పనిలో పడుతుంది. ఆ చిన్నది పూర్తయ్యేవరకూ కొత్త కిట్ కొనకండి. ఇది ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా.

మీరు ఉండేది గాజువాక కదా, ఒక ఆదివారం బీచ్ రోడ్డుకి వెళ్ళి టీయూ 142 మ్యూజియం చూడండి, ఇదివరకు చూసుంటే మళ్ళీ చూడండి. 1988 నుంచి 2017 దాకా 29 ఏళ్ళు నేవీలో ఎగిరిన విమానం. ఫోటోలు తియ్యడం పక్కన పెట్టి రెక్క కింద నిలబడి రివెట్ల వరసలు, ప్యానెల్ గీతల దగ్గర రంగు ఎలా మారిందో చూస్తూ ఉండండి చాలు. ఎదురుగానే కుర్సురా సబ్‌మెరైన్ ఉంది, ఓపికుంటే అదీ చూడండి. అసలు వస్తువు ముందు నిలబడితే మన చేతులకి దురద పుడుతుంది, ఇది నాకు ప్రతిసారీ జరుగుతుంది.

ఇక నాన్నగారి గురించి. తారీఖు దాటిపోయిందని బాధపడుతున్నారు. 1963లో మన ఎయిర్‌ఫోర్స్‌లోకి వచ్చిన మిగ్ 21 అరవై రెండేళ్ళు ఉంది, వాటిలో మీ నాన్నగారి చేతులు పడిన ఏళ్ళు ఉన్నాయి, ఆ ఏళ్ళకి సెప్టెంబర్ 26తో పనేముంది. ఆయన ఇంజిన్ ఫిట్టర్ కదా, హ్యాంగర్లో ప్యానెళ్ళు తెరిచి, పార్ట్ కోసం రోజుల తరబడి నిలబెట్టిన విమానాలు ఎన్నో చూసి ఉంటారు. దాన్ని ఎవరూ పాడైపోయిందనరు, పని మీద ఉంది అంటారు. మీ బీరువాలోది కూడా పని మీదే ఉంది. ఇంకా ఒకటి, దాన్ని షోరూమ్‌లో బొమ్మలా మెరిపించాలని పెట్టుకోకండి, ఆయన పట్టుకున్న విమానాల మీద నూనె మరకలు ఉండేవి, జెట్ పైపు దగ్గర మాడిన రంగు ఉండేది, మెట్లెక్కే చోట అరిగిపోయి ఉండేది. అవన్నీ వెయ్యండి. మీ ఆవిడకి చెప్పండి, ఆరు నెలల తర్వాత కూర్చుని 31లో నిజంగా చెయ్యబుద్ధి కానివి ఏవో చూసి అవి మాత్రం ఇచ్చేద్దామని. ఆమె చెప్పింది మీ మొహం చూసి చెప్పింది, కిట్ల మీద కోపంతో కాదు.

ప్రశ్న: సార్ నమస్కారం, మాది రాజమండ్రి. మా నాన్నగారికి 72, రైల్వేలో చేసి రిటైర్ అయ్యారు. వెదురు పుల్లలు, అగ్గిపుల్లలతో పాత గోదావరి బ్రిడ్జి, అదే హావ్‌లాక్ వంతెన మోడల్ చేస్తున్నారు. ఉన్నవి ఉన్నట్టుగా 56 స్పాన్లూ (స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే ముక్కలు) చెయ్యాలని ఆయన పట్టుదల. ఒక్కోటి 9 సెంటీమీటర్లు, 11 అయ్యాయి. రెండేళ్ళ క్రితం కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఆ తర్వాత పని ఆపేశారు. అడిగితే "ఇంకా 45 ఉన్నాయమ్మా, నా వల్ల కాదులే" అంటారు. రోజంతా టీవీ ముందే. చూడలేకపోతున్నాను.

జవాబు: అమ్మా, ముందు నాన్నగారి కళ్ళజోడు చూడండి. శుక్లం ఆపరేషన్లో పెట్టే లెన్స్ మామూలుగా దూరం చూపుకి సరిపోయేలా పెడతారు, దగ్గర పనికి విడిగా అద్దాలు కావాలి, పేపరు చదవడానికి ఇచ్చిన అద్దాలు అగ్గిపుల్ల చివర జిగురు పెట్టడానికి సరిపోవాలని లేదు. ఆయన పని చేసేటప్పుడు కంటికీ చేతికీ మధ్య ఎంత దూరం ఉంటుందో టేపుతో కొలిచి, ఆ కొలత కంటి డాక్టరుకి చెప్పి, ఆ దూరానికే ఒక జత రాయించండి. దానితో పాటు తలకి పెట్టుకునే భూతద్దం ఒకటి, ఎడమవైపు నుంచి పడేలా తెల్ల వెలుతురు ల్యాంప్ ఒకటి. ఎన్ని చేతులు ఇలా ఆగిపోయాయో నాకు తెలుసు, పాపం వాళ్ళు ఓపిక లేదనుకుంటారు, నిజానికి పుల్ల చివర కనపడక విసుగొచ్చి ఉంటుంది, పైకి చెప్పుకోరు.

రెండోది, లెక్క. అసలు వంతెనలో ఒక్కో స్పాన్ 45.7 మీటర్లు, నాన్నగారిది 9 సెంటీమీటర్లు, అంటే దాదాపు 1/500 స్కేలు, ఏళ్ళ తరబడి ఆ వంతెన చూసిన మనిషి కాబట్టే కొలత అంత కచ్చితంగా పట్టుకున్నారు. కానీ 56 కలిపితే 5 మీటర్లు దాటుతుంది. మీ ఇంట్లో 5 మీటర్ల గోడ ఖాళీగా ఉందా? ఆయనకీ ఇది లోపల్లోపల తెలిసే ఉంటుంది, ఎక్కడా పట్టని వస్తువు కోసం ఇంకా 45 సార్లు అదే గర్డరు చెయ్యాలంటే ఎవరికైనా నీరసం వస్తుంది. పెద్ద వంతెనలు చేసేవాళ్ళు మొత్తం చెయ్యరమ్మా, ఒక ముక్క తీసుకుంటారు. ఆయన చేసిన 11 స్పాన్లు కలిపితే దాదాపు ఒక మీటరు. ఒక మీటరు పైచిలుకు టేకు చెక్క తెప్పించండి. గర్డర్ల పని అయిపోయింది అన్నమాట, ఇప్పుడు మిగిలింది కింద రాతి స్తంభాలు, గోదారి నీళ్ళు. ఇది ఆయనకి కొత్త పని, విసుగు పుట్టించేది కాదు. నీళ్ళకి వార్నిష్ పల్చగా పొరలు పొరలుగా పొయ్యొచ్చు, వరద గోదారి అయితే అడుగున ఎర్రమట్టి రంగు వేసుకోవాలి, ఏ నెల గోదారి కావాలో ఆయన్నే అడగండి, ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి టీవీ ఆపుతారు చూడండి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే బొమ్మల కొలువులో పెట్టడానికి తాతయ్య వంతెన కావాలని వాళ్ళచేత అడిగించండి. 1900లో మొదలై 1997 దాకా రైళ్ళు మోసిన వంతెన, రైల్వేలో పనిచేసిన మనిషి పక్కన కూర్చుని పిల్లలకి చెప్తుంటే ఎంత బావుంటుంది. మిగతా 45 సంగతి ఎవరూ ఎత్తొద్దు. ఆయనకే చెయ్యాలనిపిస్తే ఇంకో మీటరు చెక్క తెద్దురుగాని.

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండ, బీటెక్ థర్డ్ ఇయర్. రెండేండ్ల నుంచి గండమ్ (జపాన్ కార్టూన్ రోబోలు) కిట్లు చేస్తున్న, 1/144 సైజుల హెచ్‌జీ రకం. మొదట్ల మస్తు మజా వచ్చేది. ఇప్పుడు ఇన్‌స్టాల వేరేటోళ్ళవి చూస్తే నాది చెత్త లెక్క కనిపిస్తుంది. ఎయిర్‌బ్రష్ లేదు, కొనే పైసల్లేవు. లాస్ట్ కిట్ సగం కోసి పక్కన పడేసిన. ఏం చెయ్యాలె?

జవాబు: తమ్ముడూ, ఆ కిట్ పక్కనే ఉంటే మళ్ళీ తియ్యి. నువ్వు చూసే ఫోటోల్లో చాలావరకు ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు, మంచి లైటింగ్ పెట్టి, యాభై ఫోటోలు తీసి అందులో ఒకటి పెట్టినవి. దాన్ని పట్టుకుని నీ హాస్టల్ ట్యూబ్‌లైట్ కింద ఉన్న మోడల్ పక్కన పెట్టి చూసుకుంటే మనసు విరగదా మరి. ఒక నెల రోజులు ఆ పేజీలు మ్యూట్ చేసెయ్యి, నీకు నేర్పే వీడియోలు మాత్రం ఉంచుకో.

హెచ్‌జీ కిట్లు జిగురు లేకుండా, రంగు లేకుండా చేసుకోవడానికే తయారు చేసినవి, రంగు వెయ్యకపోవడం లోపం కాదు. ఎయిర్‌బ్రష్ లేకుండానే మూడు పనులు చేస్తే నీ మోడల్ మారిపోతుంది. పార్ట్‌ని గేటు (స్ప్రూకి అంటుకున్న చోటు) దగ్గర పార్ట్ అంచుకి ఆనించి ఒకేసారి కోయకు, దూరంగా ఒకసారి కోసి, మిగిలిన చిన్న మొటిమని రెండోసారి కోసి, చివర్న గరుకు కాగితంతో రుద్దు, అప్పుడు ఆ తెల్లమచ్చ పడదు. ప్యానెల్ గీతల్లో సన్నటి మార్కర్ వేసి ఎక్కువైంది తుడిచెయ్యి. ఆఖర్న మెరుపు లేని (మ్యాట్) టాప్‌కోట్ స్ప్రే డబ్బా ఒక్కటి కొనుక్కో, వాన లేని రోజు, డాబా మీద, చేతి దూరం నుంచి పల్చగా రెండు పూతలు. బొమ్మ ప్లాస్టిక్ మెరుపు పోయి లోహంలా బరువుగా కనపడుతుంది. మొదటిసారి నా కళ్ళని నేనే నమ్మలేదు. ఇంకోటి, నీ మొట్టమొదటి కిట్ దాచుకున్నావు కదా, ఇప్పటిదాని పక్కన పెట్టి ఫోటో తీసుకో. ఎవరితోనన్నా పోల్చుకోవాల్సి వస్తే దానితో పోల్చుకో.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. పాప పుట్టాక ఎనిమిదేళ్ళు మోడల్స్ ముట్టుకోలేదు. మొన్న గరాజ్‌లో పెట్టెలు దించితే పాప చూసి "నాన్నా, చేద్దాం" అంది. మళ్ళీ మొదలుపెట్టాలని ఉంది, పాత సామాన్లలో ఏవి పనికొస్తాయి, ఏవి పారెయ్యాలి?

జవాబు: ప్లాస్టిక్ చెడిపోదు, ఆ భయం వద్దు. టెక్సస్ గరాజ్ వేడికి పొడుగు రెక్కలు, సన్న పార్టులు ఏమైనా వంగాయేమో చూడండి, వంగితే వేడి నీళ్ళలో కాసేపు ఉంచి మెల్లగా సరిచేసి చల్లనీళ్ళలో ముంచితే చాలావరకు నిలబడతాయి. కార్ల కిట్లుంటే ముందు వాటి టైర్లు చూడండి, మెత్తటి వినైల్ టైర్లు ఏళ్ళ తరబడి ఆనుకుని ఉంటే పక్కనున్న ప్లాస్టిక్‌ని కరిగించేస్తాయి, వాటిని విడిగా కవర్లో వేసెయ్యండి. ఎనామెల్ రంగులు అడుగున గట్టిగా ఉన్నా థిన్నర్ పోసి ఓపిగ్గా కలిపితే చాలావరకు లేస్తాయి, అక్రిలిక్ మాత్రం పెరుగులా విరిగిపోతే పారెయ్యడమే, కలపడానికి కష్టపడకండి. జిగురు సీసాలు ఆవిరైపోయి ఉంటాయి, పుట్టీ ట్యూబులు గట్టిపడి ఉంటాయి, అవి కొత్తవి కొనాల్సిందే. బ్లేడ్లు కూడా. ఎయిర్‌బ్రష్ ఉంటే సూది, లోపలి రబ్బరు రింగులు చూసి, పాత రంగు కరిగించి శుభ్రం చేశాకే గాలి పెట్టండి.

డెకాల్స్ దగ్గరే జాగ్రత్త. పసుపుపచ్చగా మారితే ఒక జిప్ కవర్లో పెట్టి ఎండ పడే కిటికీ అద్దానికి టేపుతో అంటించండి, వారం పది రోజుల్లో చాలావరకు తెల్లబడతాయి. వాడేముందు అక్కర్లేని డెకాల్ ఒకటి నీళ్ళలో వేసి చూడండి, ముక్కలైపోతే మిగతా షీటు మొత్తం మీద క్లియర్ కోట్ కొట్టి ఆరబెట్టి, ఒక్కో బొమ్మని దాని అంచు దాకా కత్తిరించుకుని వాడండి.

పాపతో అంటున్నారు కాబట్టి మొదట జిగురు అక్కర్లేని, నొక్కితే పట్టేసే కిట్ ఒకటి. ఎనిమిదేళ్ళ పిల్లకి కోయడం మీరు, నొక్కడం తను, రంగు ఇద్దరూ, కత్తి మాత్రం తన చేతికి ఇవ్వకండి. థిన్నర్లు, ల్యాకర్లు తను ఉన్నప్పుడు తెరవొద్దు, నీళ్ళలో కలిసే రంగులే వాడండి. వంకరగా అతికిస్తే సరిచెయ్యకండి, అలాగే ఉంచి తన పేరు, తారీఖు కింద రాయించండి. మీ పాత పెట్టెలోది మీరు రాత్రి తను పడుకున్నాక తియ్యొచ్చు, పొద్దున లేచి తను అడిగే మొదటి మాట రాత్రి ఏ పార్ట్ చేశావు అనే ఉంటుంది, మా ఇంట్లో అలాగే ఉండేది.